వాము దగ్గర నేను చూసిన మనిషి

కిందటి నెలలో మా అపార్ట్‌మెంట్లో ఒక సైకిలు పోయింది. కొత్తగూడ ఫ్లైఓవరు పక్కన నాలుగు బ్లాకుల కాలనీ మాది. పోయింది చిన్నపిల్లల సైకిలే అయినా మా సంఘం కార్యదర్శి దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. అందర్నీ కింద హాల్లోకి పిలిచి, కెమెరాకి చిక్కిన బొమ్మని గోడమీద పెద్దగా వేసి చూపించాడు. బూడిదరంగు మసకలో ఎవరో మనిషి సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు. ముఖం తెలియడం లేదు. "ఇస్త్రీ అతను కదూ!" అన్నారెవరో వెనకనుంచి. అంతే, ఆ క్షణంనుంచి హాల్లో ఉన్న ముప్ఫై మందికీ అతను ఇస్త్రీ అతనే అయిపోయాడు. భుజాలు అతనివే అన్నారు, నడక అతనిదే అన్నారు, ఒకావిడైతే చొక్కా కూడా గుర్తుపట్టింది. "ఆంటీ, ఆ టైముకి మీరు బాల్కనీలోనే కూర్చుంటారు కదా, మీరేమైనా చూశారా?" అని కార్యదర్శి నావైపు తిరిగాడు. నిజానికి చూశాను. ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోవడం చూశాను. "లేదు బాబూ, నేను చూడలేదు" అని లేచి పైకి వచ్చేశాను. సైకిలు మర్నాడు ఇంకో బ్లాకు సెల్లారులో దొరికిందిలెండి, ఎవరి చుట్టాలబ్బాయో తొక్కి అక్కడ వదిలేశాడట. ఇస్త్రీ అతను మాత్రం ఆ వారమంతా మా బ్లాకు మెట్లెక్కలేదు. ఒక మనిషి గురించి "నేను చూశాను" అన్న మాట నా నోట వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

డెబ్బైల మొదట్లో మేము కోస్తానుంచి ఇక్కడికి వచ్చాం. నాన్నకి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం. దగ్గర్లో ఇళ్ళు దొరక్క, ఎవరో చెబితే బొంబాయి రోడ్డు మీద మదీనాగూడలో ఒక పెద్దింట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ రోడ్డు దాటడానికి నాకు పావుగంట పడుతుంది గానీ, అప్పుడు రోడ్డు మీద గేదెలు పడుకునేవి, లారీలే పక్కకి తప్పుకుని పోయేవి. ఊరు దాటితే గుట్టలు, బండరాళ్ళు, సీతాఫలం పొదలు. ఇవాళ అద్దాల మేడలున్న కొత్తగూడ వైపంతా గొర్రెలు మేసే బీడు. ఇంటివాళ్ళకి పొలమూ ఉంది, మందా ఉంది. పెద్దకొడుకు వ్యవసాయం చూసేవాడు, ఆయన్ని మేము ఇంటాయన అనేవాళ్ళం. చిన్నకొడుకు గొర్రెల్ని తిప్పేవాడు. ఆ ఊళ్ళో పిల్లలంతా అతన్ని కాక, అంటే బాబాయి, అని పిలిచేవారు, నేనూ కాక అనే పిలిచాను. వాళ్ళిద్దరి తల్లి అవ్వ. ఆవిడ అరుగు మీద కూర్చుని ఇల్లంతా నడిపేది. మా అమ్మ ప్రతి మాటకీ "అండీ" చేర్చడం అవ్వకి పెద్ద వినోదం. ఒకరోజు గేదె గడప తొక్కబోతుంటే అమ్మ కంగారులో "అయ్యో, అటు వెళ్ళండి, అటు వెళ్ళండి" అందట. సాయంత్రం నాన్న సైకిలు దిగగానే అవ్వ, "సారూ, మీ ఇంటామె మా బర్రెకు గూడ మర్యాద ఇస్తది. ఇగ అది పాలిస్తదో, కొత్త అల్లుని తీర్ల కూసుంటదో" అని ఊరంతా వినపడేట్టు నవ్వింది. అమ్మ నెల్లాళ్ళు ఆ గేదెని ఏమీ అనలేదు.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. నాకు దూరపు చూపు లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, నాకసలే తెలీదు. లోకం అంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని. చెట్టంటే కర్ర మీద పెట్టిన పచ్చటి ముద్ద, కొండంటే ఆకాశానికి అంటుకున్న మరక, దూరాన్నుంచి వచ్చే మనిషంటే ఒక రంగూ ఒక కదలికా. అమ్మని చీర రంగుతోనూ, నాన్నని సైకిలు గంటతోనూ, మిగతావాళ్ళని నడకతోనూ పోల్చుకునేదాన్ని. అందరూ అలాగే పోల్చుకుంటారనుకున్నాను. బళ్ళో నల్లబల్ల మీద రాసింది పక్కపిల్ల పలకలోంచి ఎక్కించుకునేదాన్ని. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతుంటే అమ్మ మురిసిపోయి, "చూశారా, దానికి చదువంటే ఎంత ధ్యాసో" అని నాన్నకి చూపించేది. నా కళ్ళలో ఏదో తేడా ఉందని మొట్టమొదట కనిపెట్టినవాడు కాక.

కాక అప్పటికి పాతికేళ్ళవాడు, చెంపమీద పాత గాటు ఉండేది. పెళ్ళై రెండేళ్ళు. నల్ల గొంగడి మడిచి ఎడమ భుజాన వేసుకుని, తెల్ల రుమాలు తలకి చుట్టుకుని, కొంచెం ముందుకి వంగి, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు నడిచేవాడు. సెలవురోజున నన్నూ మందవెంట తీసుకుపోయేవాడు. గుట్టమీద మగ్గిన సీతాఫలాలు ఏ పొద కింద ఉంటాయో అతనికి తెలుసు. నూటికి పైగా గొర్రెలుంటే ఒక్కొక్కదాన్నీ ముఖం చూసి చెప్పేవాడు. గొర్రెకి ముఖం ఉంటుందని నాకదే మొదటిసారి తెలియడం. ఒకరోజు బండమీద నిలబెట్టి, "అగో, ఆ గుట్ట మీద ఎన్ని గొర్లున్నయో లెక్కవెట్టు" అన్నాడు. నేను కళ్ళు చికిలించి "పన్నెండు" అన్నాను ధీమాగా. కాక బండమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "అవి గొర్లు గావే బిడ్డా, రాళ్ళు! మంద గిటు దిక్కున్నది." నాకు ఉక్రోషం వచ్చి ఏడుపు ముఖం పెట్టాను. అప్పుడతను నవ్వు ఆపి, నా గడ్డం పట్టుకుని కళ్ళల్లోకి చూసి, "మజాక్ గాదు బిడ్డా. నీ కండ్లు ఏందో మంచిగ లెవ్వు. మీ నాయనకు చెప్పి దవాఖానకు పో" అన్నాడు. నేను నాన్నకి చెప్పలేదు. గొర్రెల కాపరి నన్ను వెక్కిరించాడని మాత్రం అమ్మకి చెప్పాను.

మేము వచ్చిన మూడో ఏడు ఆ ఇంట్లో పొలం పంపకం మాట లేచింది. కాకకి తన పాలు తనకి విడిగా కావాలి. ఇంటాయన వచ్చే ఏడు చూద్దామంటాడు. ఆ వచ్చే ఏడు అప్పటికి రెండుసార్లు వచ్చిపోయింది. శివరాత్రి వెళ్ళిన వారానికి వాకిట్లో పెద్దగొడవైంది. మేమంతా కిటికీలోంచి వింటూనే ఉన్నాం. "నా పాలు నాకియ్యవైతివి. ఇగ మంచిగుండదు చెప్తున్న" అని కాక అరిచి గొంగడి దులుపుకుని పోయాడు. ఎంత కోపం వచ్చినా మనిషి అనే మాటే అది. కానీ ఆ మర్నాడే ఇంటాయన గడ్డివాము అంటుకుంది.

సాయంత్రం ఎండ పసుపురంగుకి తిరిగే వేళ నేను మిద్దె మీద అమ్మ ఆరబెట్టిన వడియాలు ఎత్తుతున్నాను. మిద్దె మీదనుంచి చూస్తే రెండు చేల అవతల ఇంటాయన గడ్డివామూ, దానికి ఆనుకుని ఎడ్ల కొట్టమూ. వాము పక్కన ఎవరో మనిషి కనిపించాడు. తలమీద తెల్లగా, భుజాన నల్లగా ఉన్నాడు. వాము చుట్టూ తిరిగి, కాసేపు ఆగి, రోడ్డు వైపు వడివడిగా పోయాడు. నేను వడియాలు తీసుకుని కిందికి దిగాను. "కాక వాము దగ్గరికొచ్చాడమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. పిల్లలు ఊరికే కబుర్లు చెబుతారు కదా, అలా అన్నాను. అమ్మ వినిపించుకున్నట్టు కూడా లేదు. కాసేపటికి కేకలు వినిపించాయి. బయటికొచ్చేసరికి ఆకాశమంతా ఎర్రగా, గాల్లో నల్లటి గడ్డిపోచలు ఎగురుతున్నాయి. ఊరంతా బిందెలతో పరిగెత్తింది. కొట్టంలో రెండు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. ఒకటి అక్కడే పోయింది. రెండోది మూడు రోజులు బతికింది. అది అరుస్తుంటే అమ్మ కిటికీలు వేసేసి నన్ను గట్టిగా ఎక్కాలు చదవమనేది. ఇంటాయన ఆ ఎద్దు తల ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్వడం నేను దగ్గర్నుంచే చూశాను కాబట్టి నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ గందరగోళంలో ఇంటాయన భార్యతో అమ్మ అనేసింది, "మా అమ్మాయి మీ మరిదిగారిని అటువైపు చూశానంటోందండీ" అని. చెడు ఉద్దేశంతో కాదు. కాక అక్కడే ఉండి ఉంటే మంటలార్పడానికి రాలేదేమిటని అమ్మ ఆశ్చర్యం. ఆ ఒక్క మాట వాకిలి దాటేసరికి "అగ్గి పెడుతుండగా చూసింది" అయింది. పొద్దుగూకిన తరవాత కాక రోడ్డుమీదనుంచి నడిచొస్తుంటే ఇంటాయన ఎదురుపోయి రుమాలు పట్టి కిందికి లాగాడు. కాకకి ఏం జరిగిందో కూడా తెలిసినట్టు లేదు. అతని చేతులూ చొక్కా భుజమూ ఎర్రగా తుప్పు అంటి ఉన్నాయి. అందరూ అతని ముఖమే చూశారు గానీ చేతులెవరూ చూడలేదు. నేను చూసి కూడా అదేమిటని అనుకోలేదు.

మర్నాడు పొద్దున ఊరి పెద్దలు నలుగురు మా వాకిట్లో మంచాలు వేసుకుని కూర్చున్నారు. కాలిన వాసన ఇంకా పోలేదు. కాక నిలబడి చెప్పాడు: "నేను నిన్న పొద్దుగాలనుంచి బాలానగర్ల ఉంటి. అన్నతోని కొట్లాటైనంక కూలికన్న పోదమని పోయిన. లారీలకెళ్ళి ఇనుము దించుతుంటి. మేస్త్రిని అడుగుండ్రి." మేస్త్రి ఎవరంటే పేరు చెప్పలేకపోయాడు, ఏ షెడ్డంటే మూడో సందు అన్నాడు. అంతదూరం పోయి అడిగేదెవరు? చూసినవాళ్ళు ఇంట్లోనే ఉండగా అడగాల్సిన అవసరమేముంది? నన్ను పిలిచారు. నేను కొత్త గౌను వేసుకుని వచ్చి నాన్న పక్కన నిలబడ్డాను. పెద్దమనుషులందరూ నావైపు చూడడం, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం గొప్పగానే ఉంది. అప్పుడు కాక, "సారూ, జర ఇనుండ్రి. బిడ్డ మీద నాకేం కోపం లేదు. దాని కండ్లు మంచిగ లెవ్వు. రాళ్ళను గొర్లంటది. గంత దూరం నుంచి నన్నెట్ల గుర్తువడ్తది?" అన్నాడు.

నాన్న ముఖం ఎర్రబడింది. నాన్న కోపం తెలియని మనిషి. గట్టిగా మాట్లాడాలంటే ముందు దగ్గి గొంతు సవరించుకునేవాడు. ఆరోజు మాత్రం వెంటనే అన్నాడు. "మా అమ్మాయి కళ్ళకేం లోపం లేదండీ. క్లాసులో ఫస్టు వస్తుంది." పెద్దమనుషులు తలూపారు. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల కళ్ళ గురించి ఇక సందేహమేముంటుంది. నాకు గుట్టమీద నవ్వు గుర్తొచ్చింది. నలుగురిలో మళ్ళీ నన్ను గుడ్డిదాన్నంటున్నాడని ఒళ్ళు మండింది. "నేను చూశాను. కాకే" అన్నాను. అప్పటిదాకా అరుగుమీద కదలకుండా కూర్చున్న అవ్వ మెల్లిగా అడిగింది. "మొకం చూసినవా బిడ్డా?"

నేను ముఖం చూడలేదు. తెలుపూ నలుపూ చూశాను. కానీ ఆవిడ అలా అడగగానే, దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, నాకు ముఖం కనిపించింది. వాము పక్కన ఆ మనిషి తలెత్తి నావైపు చూశాడు. అది కాక ముఖమే. చెంపమీద గాటు కూడా కనిపించింది. "చూశానవ్వా" అన్నాను. అబద్ధమాడుతున్నానని ఆ నిమిషంలో నాకు కొంచెం కూడా అనిపించలేదు. అవ్వ ముసుగు ముందుకి లాక్కుంది. కాక నావైపు చూశాడు.

కాక పాలు పొలం చచ్చిన ఎడ్ల నష్టం కింద ఇంటాయనకే పోయింది. ఊరు విడిచి పొమ్మన్నారు. రెండు మూటలూ ఒక రేకు పెట్టె పట్టుకుని మొగుడూ పెళ్ళామూ బయల్దేరారు. మంద విప్పలేదు గానీ, అతని నడక చప్పుడు విని దొడ్లో గొర్రెలన్నీ ఒకటే అరుపు. కాక భార్యని నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆవిడ మా గుమ్మం ముందు ఆగింది. తిడుతుందనుకుని నేను తలుపు వెనక నక్కాను. "నీ బిడ్డ సల్లగుండాలె అక్కా" అని మాత్రం అంది అమ్మతో. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ దీవెనకి అర్థమేమిటో మేమిద్దరమూ తరవాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా తేల్చుకోలేకపోయాం.

మరుసటి ఏడు వానల్లో అవ్వ పోయింది. ఎవరు కబురు చెప్పారో గానీ కాక వచ్చాడు. పాడె పట్టనివ్వలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఊరికే అడ్డంగా నిలబడ్డారు. అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అందరికంటే యాభై అడుగులు వెనక, వానలో శ్మశానం దాకా నడిచాడట. నేను చూడలేదు, నాన్న చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి పెరట్లోకి పోయాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

నాకు పదమూడో ఏట బడికి వైద్యులు వచ్చి పిల్లలందరి కళ్ళూ పరీక్ష చేశారు. గోడమీద అక్షరాలు చదవమంటే నేను "ఏ గోడ?" అన్నానని మా ప్రధానోపాధ్యాయుడు తరవాత చాలాకాలం కథగా చెప్పేవాడు. నాన్న నన్ను పట్నంలో కంటి ఆస్పత్రికి తీసుకుపోయాడు. పదిరోజులకి కళ్ళజోడు వచ్చిందంటే అమ్మ వెంట పోయి తెచ్చుకున్నాను. కళ్ళజోళ్ళ కొట్టు మెట్లు దిగుతూ దాన్ని పెట్టుకున్నాను. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెట్లకి ఆకులున్నాయి. విడివిడిగా, ఒక్కొక్కటీ, కదులుతూ ఉన్నాయి. ఇన్నేళ్ళూ అవి అక్కడే ఉన్నాయి, నాకు చెప్పకుండా. రోడ్డు అవతల నడిచే మనుషులకి ముక్కులున్నాయి, విసుగులున్నాయి. ఇల్లు చేరగానే మిద్దెక్కాను. గుట్టల మీద రాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. అటు చూసి ఇటు చూసి, చివరికి చూడకూడదనుకున్నవైపే చూశాను. రెండు చేల అవతల కొత్త వాము ఉంది. దాని పక్కనుంచి పక్క ఊరి గొర్రెలకాపరి ఎవరో పోతున్నాడు. నెరిసిన మీసం, తెల్ల రుమాలు, భుజాన నల్ల గొంగడి. నాకేదో తోచి కళ్ళజోడు తీశాను. అక్కడ కాక నడుస్తున్నాడు. పెట్టుకున్నాను. ఎవరో ముసలాయన. మళ్ళీ తీశాను. కాక. అలా ఎన్నిసార్లు చేశానో, చివరికి ఆ మనిషి చెట్లచాటుకి పోయాక కూడా చేస్తూనే ఉన్నాను.

నాన్న ఫ్యాక్టరీ దుస్తులు విప్పకముందే ఎదురుపోయి చెప్పాను. "నాన్నా, ఆరోజు నేను చూసింది కాకని కాదు. అంతదూరం నాకు కనపడదు." నాన్న కళ్ళెత్తలేదు. సైకిలు స్టాండు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు. "తెలుసమ్మా" అన్నాడు. ఆ మేస్త్రిని తాను అప్పుడే వెతికి అడిగాడట, వాము కాలిన నెల్లోనే. ఆరోజు కాక పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఇనుము దించుతూనే ఉన్నాడట. "మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెబితే నువ్వు అబద్ధమాడావంటారు. లేదా నీకు కళ్ళు లేవంటారు. ఆడపిల్లవి. రెండిట్లో ఏది చెప్పమంటావు?" అన్నాడు. నాకప్పుడు అవ్వ శవం వెనక యాభై అడుగుల దూరం అర్థమైంది. ఆ దూరాన్ని నాన్న అడుగులతో సహా కొలిచి పెట్టుకున్నాడు.

తరవాతి ఆదివారం నేను పట్టుబడితే నన్ను బాలానగర్ తీసుకుపోయాడు. మేస్త్రిని అడిగితే దారి చూపించాడు. రేకులు కోసే షెడ్ల వెనక ఒక వరస గుడిసెలు. కాక బయట కూర్చుని పాత గోనెసంచి కుడుతున్నాడు. నన్ను చూసి పోల్చుకోవడానికి అతనికి ఒక్క క్షణం పట్టలేదు. "కండ్లద్దాలొచ్చినయా బిడ్డా! ఇగ గొర్లకు రాళ్ళకు తేడా తెలుస్తున్నదా?" అని నవ్వాడు. సూది పట్టుకున్న చేతికి మూడే వేళ్ళున్నాయి. రేకుల మిషన్లో పోయాయన్నాడు, జేబులోంచి ఏదో జారిపోయిందని చెప్పినంత మామూలుగా. నేను అక్కడే ఏడ్చేశాను. "నేను చూసింది నిన్ను కాదు కాకా" అన్నాను. "నాకెర్కనే గద బిడ్డా" అన్నాడు. కాసేపు సంచి కుట్టి, ఆగి, నాన్నతోనూ నాతోనూ కాకుండా ఊరికే అన్నట్టు అన్నాడు.

"నేను గాడ లేనని నాకెర్కనే. ఇనుము మోసిన భుజం నాలుగు దినాలు గుంజింది. గని ఊరంత నువ్వే నువ్వే అంటే, మా అమ్మ గూడ నా దిక్కు చూడకపోతే, ఇగ నిద్రల నేనే పోతున్న బిడ్డా. అగ్గిపుల్ల గీస్త. వాము అంటుకుంటది. ఎడ్లు నా దిక్కే చూస్తయి. లేసి చేతులు వాసన చూసుకుంట. ఒక్కోపాలి కిరసనాయిలు వాసనొస్తది."

"గా ముచ్చట ఇడువు. దినాం గిదే పరేషాను" అంది చిన్నమ్మ లోపలనుంచి. పొయ్యి మీద మా కోసం చాయ్ పెట్టింది. గుమ్మంలోకొచ్చి నాన్నతో, "సారూ, మీరు చదువుకున్నోళ్ళు. గప్పుడే ఒక్కపాలి ఈడికొచ్చి అడిగిపోతే గింత దూరం రాకపోవు గదా" అంది. అందులో నిందేమీ లేదు, అడిగి ఉంటే బాగుండేదన్న బాధే ఉంది. నాన్న ఊరుకుని ఉండొచ్చు. నేనూ ఊరుకుంటాడనే అనుకున్నాను. "అడిగానమ్మా" అన్నాడు. "అడిగి, తెలుసుకుని, ఊరుకున్నాను." చిన్నమ్మ ఆయన వంక కాసేపు చూసి లోపలికి పోయింది. మేము వచ్చేదాకా మళ్ళీ బయటికి రాలేదు. చాయ్ పొంగి పొయ్యిలో పడి చుయ్యిమన్న చప్పుడు వినిపించింది. ఎవరూ లేచి దించలేదు.

ఆ సాయంత్రమే నాన్న మేస్త్రిని వెంటబెట్టుకుని ఇంటాయన దగ్గరికి పోయాడు. నేనూ ఉన్నాను. మేస్త్రి చెప్పాడు, నాన్న చెప్పాడు, నేను కళ్ళజోడు తీసి మరీ చెప్పాను. ఇంటాయన చెడ్డవాడు కాదు. చివరిదాకా విన్నాడు. "మీ బిడ్డ చూసిన్నంటేనే గద సారూ నమ్మినం" అన్నాడు. తరవాత చాలాసేపు నేలమీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చుని, "సరే. తమ్ముడు గాకుంటే మరెవడు? గది చెప్పుండ్రి. చెప్తే రేపే పోయి వాని కాళ్ళమీద పడి తోల్కొస్త" అన్నాడు. ఎవరో మాకు తెలీదు. బీడీ కాల్చి పారేసిన బాటసారేమో, నీడకి ఆగిన ఎవరైనా కాపరేమో. "నా ఎడ్లు వట్టిగనే కాలినయా సారూ? ఎవడో ఒకడుండాలె గద. ఎవడు గాకుంటే వాడే" అని లేచి పోయాడు. తమ్ముడు కాదని ఒప్పుకుంటే, తల్లి పాడె దగ్గర తాను అడ్డంగా నిలబడ్డ సంగతి ఆయన ఏం చేసుకోవాలి? అది అప్పుడు నాకు తెలీలేదు. ఇన్నేళ్ళమీద తెలుస్తోంది.

రెండు నెలలకి మేము ఆ ఇల్లు ఖాళీ చేశాం. నాన్న రెండుమూడుసార్లు బాలానగర్ గుడిసెల దగ్గరికి పోయినట్టున్నాడు. ఒకసారి పోయేసరికి గుడిసెలు తీసేసి షెడ్డు పెంచుతున్నారట, కాక ఎటు పోయాడో మేస్త్రికీ తెలీదట. నాన్న బతికినంతకాలం దారిలో నల్ల గొంగడి కనిపిస్తే సైకిలు దిగి ముఖం చూసేవాడు.

చాలా ఏళ్ళ తరవాత నేను ఉద్యోగం చేసే ఆఫీసులో మదీనాగూడ అమ్మాయి ఒకామె చేరింది. ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటుంటే అన్నదమ్ముల తగాదాల మీదకి మాట పోయింది. "మా ఊర్ల ఒకాయన పొలంల పాలు ఇయ్యలేదని అన్న ఎడ్లను కాల్చిండట మేడం, నిలువునా" అంది. ముద్ద డబ్బాలో పెట్టేశాను. "అతను కాల్చలేదు" అన్నాను. "లే మేడం, మా నాయనమ్మ చెప్పింది. పుల్ల గీస్తుండగ చూసినోళ్ళున్నరట." "ఆ చూసినదాన్ని నేనే" అన్నాను. ఆమె నమ్మలేనట్టు నావైపు చూసింది, తరవాత ముఖం వెలిగింది. "అయితే నిజమేనన్నట్టు గద మేడం!" అంది. నేను మొదటినుంచీ అంతా చెప్పాను, కళ్ళ సంగతి, మేస్త్రి సంగతి, తుప్పు అంటిన చేతుల సంగతి. ఆమె మర్యాదగా విన్నది. భోజనాల వేళ అయిపోయి డబ్బా మూసుకుంటూ, "పాపం, మీది మంచి మనసు మేడం" అని తన సీటుకి పోయింది.

నాకు ఇప్పటికీ ఆ ముఖం కనిపిస్తుంది. వాము పక్కన తలెత్తి చూసే కాక ముఖం, చెంపమీద గాటుతో సహా. అది లేదని నాకు తెలుసు, అయినా కనిపిస్తుంది. గుట్టలు పోయాయి, ఆ చేలు పోయాయి, ఆ వాకిట్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ లేరు. కాలం ఇంకొంచెం నడిస్తే నేనూ ఉండను, నా కళ్ళూ ఉండవు. అప్పుడు కూడా ఆ సాయంత్రం, ఎండ పసుపురంగుకి తిరిగే వేళ, చూసేవాళ్ళెవరూ లేకపోయినా, కాక బాలానగర్‌లో లారీలోంచి ఇనుము దించుతూనే ఉంటాడు.